పాపకి ఇంగ్లీషు ఎలాగూ వచ్చేస్తది, మీరు తెలుగు ఆపకండి

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ఫోటో అప్పుడప్పుడూ తిరుగుద్ది. కలెక్టర్ గారి చాంబర్, ఒక జంట, మధ్యలో కొత్త ఫ్రాకు వేసుకున్న పిల్ల, చేతిలో తనకంటే పెద్ద టెడ్డీబేర్. కింద వరసగా "అదృష్టం అంటే ఇదీ", "డైరెక్ట్ అమెరికా", "ఏ జన్మ పుణ్యమో". 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డర్లు కోర్టుల బదులు కలెక్టర్లే ఇస్తున్నారు కదా, ఇంక ఫోటోలకి కొదవేముంది. (మధ్యలో ఒక మాట. ఆ పిల్ల ఎవరో తెలిసిపోయేలా ఫోటో పెట్టడం జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆర్నెల్ల జైలు దాకా పడొచ్చు, ఫార్వర్డ్ కొట్టేముందు చూసుకోండి.) ఆ ఫోటోలో అందరూ నవ్వుతుంటారు, పిల్ల మాత్రం టెడ్డీ చెవి నలుపుకుంటా నిలబడుద్ది.

నేను చెప్పేది ఒకటే. దత్తత మీద వేరే దేశం వెళ్లిన పిల్ల అక్కడ కుదురుకోవాలంటే ముందు మారాల్సింది పిల్ల కాదు, ఇల్లు. ఇంట్లో ముందు ఏది అంటే నోటి భాష. గదికి రంగులు, స్కూలు రేటింగు, డిస్నీ ట్రిప్పు అన్నీ దాని తర్వాతే.

రాజోలు వైపు మాకు చుట్టరికం ఉన్న ఇల్లు ఒకటుంది, పేర్లు చెప్పను. ఆవిణ్ణి నేను పిన్నిగారు అంటా. కొడుకూ కోడలూ డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్. పోర్టల్లో రిజిస్ట్రేషను, హోమ్ స్టడీ (ఇంటికొచ్చి చూసి రాసే రిపోర్టు), కారా అంటే దత్తతలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌ఓసీ, ఆర్డరు, పాస్‌పోర్టు, వీసా, ఈ తతంగం అంతా అయ్యి మొత్తానికి ఆరేళ్ల పాపని తీసుకెళ్లారు. నెలల పిల్లల కోసం క్యూ పొడుగు, ఆరేళ్లొచ్చిన పిల్లని అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి ఆ ఇద్దరి మీద నాకు గౌరవమే. కానీ వెళ్లిన మొదటి శనివారమే అరవై మందితో పార్టీ పెట్టారు. పాప అడిగినోళ్లందరి ఒళ్లోకీ వెళ్లి కూర్చుందంట, "ఎంత కలుపుగోలు పిల్లో" అని అందరూ మురిసిపోయారంట. హోంలో పెరిగిన పిల్ల ఎవరు చెయ్యి చాపితే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవడం కలుపుగోలుతనం కాదండీ, తనవాళ్లెవరో ఇంకా తెలియకపోవడం. రాత్రికి గులాబీ రంగు గోడల గది, తలుపేసి లైటు తీసేశారు. ఇరవై మంది పిల్లలు పక్కపక్కనే పడుకునే హాల్లోంచి వచ్చింది అది, ఆ నిశ్శబ్దంలో ఏం నిద్ర పడుద్ది? పొద్దున్న చూస్తే దిండు గలీబులో చపాతీ ముక్కలు.

ఇవన్నీ సర్దుకున్నాయి. కోడలు తెలివైంది, రెండో వారానికే పాప మంచం తమ గదిలోకి జరుపుకుంది, చపాతీలు దాచినందుకు తిట్టకుండా ఒక డబ్బా నిండా తినేవి పోసి "ఇది నీది, ఎప్పుడూ ఖాళీ అవ్వదు" అంది. నేనైతే ఆ అమ్మాయికి దణ్ణం పెడతా. సర్దుకోనిది ఒక్కటే. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, స్కూల్లో తొందరగా పికప్ అవుద్ది" అని ఎవరో ఫ్రెండు చెప్తే ఆ మాట పట్టేసుకున్నారు. తెలుగు అమ్మ, తెలుగు నాన్న, తెలుగు పిల్ల, ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర కూర్చుని పెరుగన్నం తింటా ఇంగ్లీషులో!

నాలుగో నెలకి వీడియో కాల్లో పిన్నిగారు "ఏం తిన్నావే అమ్మా" అంటే పాప తల్లి మొహంలోకి చూడటం మొదలెట్టింది. అర్థం కాక కాదు, ఏ భాషలో చెప్తే ఊరుకుంటారో తెలియక. తర్వాత అర్థం కావడం కూడా తగ్గింది. అటు ఇంగ్లీషూ పూర్తిగా రాలేదు. ఏం అడిగినా "ఓకే". ఒకరోజు స్కూల్లో చెవి నొప్పితో మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుందంట, ఆ నొప్పి చెప్పడానికి తెలుగు మాట పోయింది, ఇంగ్లీషు మాట ఇంకా రాలేదు. టీచరేమో చాలా మంచి పిల్ల, అసలు అల్లరే లేదు అని రాసి పంపింది. అల్లరి చెయ్యని ఆరేళ్ల పిల్లని చూస్తే నాకు భయమేస్తది.

కుదురుకోవడం అన్న మాట వింటే నాకు మా ఇంట్లో కుండ కింద పెట్టే గడ్డి కుదురు గుర్తొస్తది. గుండ్రటి అడుగున్న కుండ, మీరు ఎంత ఖరీదైన గ్రానైటు పరిచినా దాని మీద నిలబడదు. ఒరిగితే కుండని తిడతామా, కుదురు సర్దుతాం. ఈ పిల్ల వెంట తెచ్చుకున్న సామాను ఏంటసలు? రెండు జతల బట్టలు, ఒక ఫైలు, నోట్లో తెలుగు. ఎవరూ కొనివ్వకుండా తనంతట తనకి ఉన్నది ఆ మూడోదే. పీడకలొచ్చిందని చెప్పాలన్నా, ఆయమ్మ గుర్తొచ్చిందని ఏడవాలన్నా, నువ్వంటే నాకు కోపం అని అమ్మ మీద అరవాలన్నా అందులోనే.

ఇది నా సెంటిమెంటు అనుకుంటే పారిస్ వాళ్ల పరిశోధన చూడండి. కొరియాలో పుట్టి, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసులో ఫ్రెంచి ఇళ్లకి దత్తత వెళ్లినవాళ్లని పెద్దయ్యాక పరీక్ష చేసి క్రిస్టోఫ్ పాలియే బృందం 2003లో ప్రచురించింది. కొరియన్ వాక్యాలు వినిపిస్తే వాళ్లు గుర్తుపట్టలేకపోయారు, మెదడు స్కాన్లలో కూడా అసలు కొరియన్ ఎప్పుడూ వినని ఫ్రెంచివాళ్లకీ వీళ్లకీ తేడా కనపడలేదు. కొందరైతే ఎనిమిదేళ్లొచ్చేదాకా మాట్లాడిన భాష! అయితే 2014లో మాంట్రియల్లో ఇంకో సంగతి బయటపడింది, ఏడాది వయసులో చైనా నుంచి వచ్చి ఫ్రెంచి మాత్రమే మాట్లాడే ఆడపిల్లలకి చైనీస్ స్వరాలు వినిపిస్తే వాళ్ల మెదడు ఆ భాష మాట్లాడేవాళ్ల మెదడులాగే పలికింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మాట పోతది, లోపల ఎక్కడో జాడ ఉండిపోతది, ఆ జాడ ఏంటో పిల్లకే తెలీదు. దక్షిణ కొరియా నుంచి వెళ్లిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై సొంత కాగితాలు వెతుక్కుంటున్నారు, వాటిల్లో చాలా తారుమారయ్యాయని 2025 మార్చిలో ఆ దేశపు నిజనిర్ధారణ కమిషనే చెప్పింది. కాగితం మార్చింది ప్రభుత్వాలూ ఏజెన్సీలూ. నోటి భాష ఆపేసేది మాత్రం ప్రేమగా పెంచుతున్న అమ్మానాన్నలే.

స్కూల్లో వెనకపడదా అంటారు. అమెరికా స్కూళ్లలో ఇంగ్లీషు రాని పిల్లలకి వేరే క్లాసులున్నాయి, పైగా రోజుకి ఏడు గంటలు చుట్టూ అదే, టీవీలో అదే, పార్కులో అదే, పిల్ల నేర్చుకోకుండా ఎలా ఉంటది? కువైట్ వెళ్లిన మన కోనసీమ ఆడవాళ్లు కొన్ని నెలల్లో అరబ్బీ పట్టేస్తారు, అక్కడెవరూ వాళ్లకి తెలుగు మర్చిపోతేనే అరబ్బీ వస్తదని చెప్పలేదు.

అసలు దీని వెనకాల ఇంకో ఆలోచనుంది, పైకి ఎవరూ అనరు. పాతది మర్చిపోతేనే కొత్తింట్లో కలుస్తది అని. మన డెల్టాలో దత్తత కొత్తదేం కాదు, పొలానికి వారసుడు కావాలని బావమరిది కొడుకునో తమ్ముడి కొడుకునో తెచ్చుకున్న ఇళ్లు ఊరికి రెండైనా ఉంటాయి. ఆ దత్తుడు కాలవ దాటి పక్కూరు వచ్చాడంతే. అదే యాస, అదే కూర, పండక్కి కన్నతల్లి కూడా వచ్చి వెళ్లేది. ఎవరి దగ్గర పుట్టాడో ఊరంతటికీ తెలుసు, ఎవడూ మర్చిపొమ్మనలేదు. అంత దగ్గరికి వచ్చినోడికి అన్నీ ఉంచి, ఇంత దూరం వెళ్లిన పిల్లకి ఉన్న ఒక్కటీ లాక్కుంటామా?

ఆ డాలస్ జంట మీద విరుచుకుపడటం నా ఉద్దేశం కాదు లెండి. వాళ్లు ఇక్కడ చూసిందే అక్కడ చేశారు. పొద్దున్న ఏడింటికి లంక గ్రామాల దాకా పసుపు బస్సులొస్తాయి, గట్టు మీద నిలబడి తల్లి "కమ్ నాన్నా, ఫాస్ట్" అంటది, ఆవిడకి ఆ రెండు ముక్కలే వచ్చు, అయినా తెలుగులో పిలవదు. 2019 నవంబర్లో ప్రభుత్వ బళ్లన్నీ ఇంగ్లీషు మీడియం అని జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది, ఆ గొడవలో ఎవరిది రైటు అని పార్టీలవారీగా కొట్టుకున్నాం గానీ ఇంట్లో ఏం మాట్లాడాలో చెప్పే జీవో ఏదీ లేదు కదా, మనమే మానేశాం. ఆయ్ అంటే నవ్వుతారని పిల్లలకి ఆయ్ నేర్పడం మానేశాం. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు చూడ్డానికి వచ్చే ఎన్నారై కుటుంబాల్ని గమనించండి, మామ్మకీ మనవడికీ మధ్యలో కోడలు నిలబడి అటు మాట ఇటు ఇటు మాట అటు చెప్తా ఉంటది. సొంత పిల్లల్నే ఇంట్లో కూర్చోబెట్టి వేరే భాషకి దత్తత ఇచ్చేసినవాళ్లం మనం. డాలస్‌లో వాళ్లుండే అపార్ట్‌మెంట్లోని తెలుగు పిల్లలందరికంటే ఎక్కువ తెలుగుతో దిగింది ఈ పాప ఒక్కతే, దాన్ని కూడా నాలుగు నెలల్లో సరిచేసేశారు.

ఇండియాకి రెండేళ్ల పాటు ఫాలోఅప్ రిపోర్టులు వస్తాయి, మొదటి ఏడాది మూణ్ణెల్లకోసారి, రెండో ఏడాది ఆర్నెల్లకోసారి. నన్నడిగితే అందులో ఎత్తూ బరువూ కంటే ముందు, పాప కోపమొస్తే ఏ భాషలో అరుస్తుంది అని అడగాలి. వెళ్లేవాళ్లకి నేనిచ్చే సలహా ఇంకా చిన్నది, మామ్మని తీసుకెళ్లండి. విజిటర్ వీసా మీద ఆర్నెల్ల దాకా ఉండనిస్తారు. ఇంగ్లీషు రాని మామ్మైతే ఇంకా మంచిది, పాపకి తెలుగు తప్ప గతి ఉండదు, మామ్మకి రిమోటు నొక్కి పెట్టేది పాపే, డోర్ బెల్ మోగితే ఎవరొచ్చారో చెప్పేది పాపే. కొత్త దేశంలో ఆ ఇంట్లో పాప కంటే తెలియని మనిషి ఒకరుండాలి.

పిన్నిగారికి ఈ మాట రెండు నెలలు చెప్తే ఒప్పుకున్నారు. కొడుకు కూడా మొన్న ఫోన్లో "సరే అన్నయ్యా, తప్పే" అన్నాడు. హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ వచ్చే నెల. ఎందుకు వెళ్తున్నారు అని అడిగితే మనవరాలిని చూడ్డానికి అని చెప్పండి చాలు అని నేనంటే, "చూడ్డానికైతే ఫోన్లో రోజూ చూత్తున్నాను కదరా, మాట్లాడ్డానికి" అన్నారావిడ.