పక్క ఊరితో ఆట లేని పదమూడేళ్లు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు గృహప్రవేశానికో ఓణీల ఫంక్షన్‌కో తేదీ పెట్టుకునేటప్పుడు పంచాంగం చూస్తారు, హాలు దొరుకుతుందో లేదో చూస్తారు. మా ఇంట్లో ఇంకొకటి కూడా చూస్తాం: ఆ శనివారం కాలేజీ ఫుట్‌బాల్‌లో, అదే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, ఎవరి ఆట ఉంది? అక్టోబర్‌లో టెక్సాస్, ఓక్లహోమా యూనివర్సిటీలు ఆడే శనివారమైతే మా తరఫున మా ఆవిడ ఒక్కతే ఫంక్షన్‌కి వెళ్లొస్తుంది. స్టేట్ ఫెయిర్ జాతర నడుమ ఉండే కాటన్ బౌల్ స్టేడియం ఆ రోజు మధ్య గీత దగ్గర కత్తితో కోసినట్టు రెండుగా చీలిపోతుంది. ఒక సగం ఇటుక రంగు కలిసిన నారింజ, మరో సగం ముదురు ఎరుపు. ఆ రెండు జట్లలో ఏదీ నాది కాదు. అయినా టీవీ ముందు నుంచి లేవను. దాయాది ఓడిపోతాడేమోనన్న ఆశ అలాంటిది.

నాది టెక్సాస్ ఏ అండ్ ఎం. 1997లో ఎంఎస్ చదవడానికి కాలేజ్ స్టేషన్‌లో దిగాను. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనే తెలుసు అప్పటికి. మా ల్యాబ్‌లో పనిచేసే టెక్సాస్ కుర్రాడు మొదటి నెలలోనే మా యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌కి లాక్కెళ్లాడు. సీటు నంబరు వెతుక్కుని కూర్చోబోతే చెయ్యి పట్టి లేపాడు. ఇక్కడ విద్యార్థులెవరూ కూర్చోరట. 1922 జనవరిలో డాలస్‌లో ఒక మ్యాచ్‌లో ఏ అండ్ ఎం ఆటగాళ్లు వరసగా గాయపడుతుంటే, ప్రేక్షకుల్లో ఉన్న ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ పిలిచాడు. అతను జెర్సీ వేసుకుని ఆట అయ్యేదాకా మైదానం పక్కన నిలబడ్డాడు. ఆడాల్సిన అవసరం రాలేదు, నిలబడ్డాడంతే. అందుకని డెబ్బై అయిదేళ్ల తర్వాత నేను కూడా మూడున్నర గంటలు నిలబడ్డాను. కాళ్లు పీకాయి. రూల్స్ సగం కూడా అర్థం కాలేదు. మరుసటి శనివారం నా అంతట నేనే వెళ్లాను.

నా తర్వాత టెక్సాస్ వచ్చిన తెలుగు పిల్లల్లో చాలామందికి ఈ పిచ్చి అంటలేదు. కారణం నాకు తెలుసు. మనవాళ్లు ఎక్కువగా చేరేది యూటీ డాలస్‌లో, యూటీ ఆర్లింగ్టన్‌లో. మొదటి దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు, చదరంగానికి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. రెండోది 1985 సీజన్‌తోనే ఫుట్‌బాల్ మానేసింది. ఉద్యోగం వచ్చాక ఆఫీసులో సోమవారం పొద్దున అందరూ ఏం మాట్లాడుకుంటున్నారో అర్థంకాక వీళ్లు కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడతారు.

ఆ సోమవారం కబుర్లలో ఈమధ్య ఒకటే పాట: ఆటగాళ్లకు డబ్బులిచ్చి కాలేజీ ఆటను పాడుచేశారని. నాకంటే పాత అభిమానులు అంటారు, నాకంటే కొత్తవాళ్లూ అంటారు. నేను ఒప్పుకోను. డబ్బు ఎప్పుడూ ఉంది. ఆటగాడి చేతికి మాత్రం అందేది కాదు, అందినా బల్ల కిందినుంచి.

డాలస్‌లోని ఎస్ఎంయూ, అంటే సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, సంగతే తీసుకోండి. ఆటగాళ్లకు చాటుగా డబ్బులు ఇస్తున్నారని తేలినందుకు 1987లో కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. ఆ శిక్షకు జనం పెట్టుకున్న పేరు మరణశిక్ష. మరుసటి ఏడాది జట్టును దించే ఓపిక కూడా లేక ఎస్ఎంయూ తనంతట తనే మానుకుంది. ఆ చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తన పాత్ర ఉందని అప్పటి గవర్నర్ బిల్ క్లెమెంట్స్ స్వయంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇంత రచ్చకు కారణమైన మొత్తం ఎంతనుకున్నారు? 13 మంది ఆటగాళ్లకు కలిపి దాదాపు 61 వేల డాలర్లు. ఇప్పుడు ఒక మోస్తరు క్వార్టర్‌బ్యాక్, జట్టు దాడిని నడిపే కుర్రాడు, ఆ డబ్బుకు ఫోన్ కూడా ఎత్తడు.

మా ఇంటి సంగతీ చెప్పుకోవాలి కదా. 2012లో మా జానీ మాన్‌జెల్ మొదటి ఏడాది కుర్రాడిగా, దేశంలో ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, అలా గెలిచినవాళ్లలో అతనే మొదటివాడు. మరుసటి ఏడాది ఆటోగ్రాఫ్‌లకు డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ మీద విచారణ జరిపి ఎన్‌సీఏఏ అతన్ని సగం మ్యాచ్‌కు పక్కన కూర్చోబెట్టింది. సగం మ్యాచ్! తన పేరు తాను రాసిచ్చినందుకు. పదేళ్లు తిరిగాక, 2023 నవంబర్‌లో, అదే ఏ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. ఒప్పందం ప్రకారం అతనికి ఇవ్వాల్సింది సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. కోచింగ్ ఇచ్చినందుకు కాదు, ఇంట్లో కూర్చోవడానికి. ఆ వార్త చదివిన రోజున ఆటగాళ్లకు డబ్బెందుకని వాదించే ఓపిక నాలో పూర్తిగా చచ్చిపోయింది.

2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ప్రకారం యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి పరిమితి ఒక్కో యూనివర్సిటీకి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పాతవాళ్లకు నష్టపరిహారంగా పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు. ఇందులో నాకు గుచ్చుకునేది ఒకటుంది. పంచే డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్ కుర్రాళ్లకూ, తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కూ పోతోంది, ఆడపిల్లలకు చిల్లర మిగులుతోంది. కానీ లబ్బక్‌లో టెక్సాస్ టెక్ 2024లో నైజరీ కనాడీ అనే సాఫ్ట్‌బాల్ పిచర్‌ను పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందంతో తెచ్చుకుంది. ఆ అమ్మాయి జట్టును తొలి ఏడాదే జాతీయ ఫైనల్ దాకా లాక్కెళ్లింది. అక్కడ ఓడించింది ఎవరు? ఆస్టిన్ వాళ్లే, అంటే టెక్సాస్ యూనివర్సిటీ, అది వాళ్లకు తొలి సాఫ్ట్‌బాల్ టైటిల్. మా అమ్మాయి సోఫా అంచున కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ చూసింది. ఆడపిల్లల ఆట ఎవరు చూస్తారనే పెద్దమనుషులు ఆ వారం మా ఇంటికి రావాల్సింది.

మరి ఆటకు దెబ్బ ఎక్కడ తగిలింది? నన్నడిగితే దూరం దగ్గర. కాలేజీ ఆట మీద ప్రేమంటే ఏమిటి, పక్క ఊరివాడితో పేచీయే కదా. ఆఫీసులో పక్క కుర్చీవాడు, చర్చిలో పక్క బెంచీవాడు, బావమరిది. వీళ్లమీద గెలిస్తే ఏడాదంతా కాలరెగరేసుకుని తిరగొచ్చు, ఓడితే ఏడాదంతా తలొంచుకోవాలి. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి. 1914లో పుట్టిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఈ పేచీల మీదే బతికింది. ఆర్కన్సా వెళ్లిపోయాక చివరి రోజుల్లో అందరూ టెక్సాస్ వాళ్లే. కారేసుకుని పొద్దున్నే వెళ్లి, ఆట చూసి, రాత్రికి ఇంటికొచ్చేసే దూరాలు, ఒక్క లబ్బక్ తప్ప. 1996లో అది మూతపడింది. నాలుగు యూనివర్సిటీలు బిగ్ ట్వెల్వ్ అనే కాన్ఫరెన్స్‌లోకి వెళ్లాయి, మిగతావి తలో దిక్కు. ఇప్పుడు ఎస్ఎంయూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉంది. తొమ్మిదేళ్లు టీవీ డబ్బుల్లో వాటా వదులుకుని మరీ చేరింది. డాలస్‌కు అట్లాంటిక్ ఎంత దూరమో మీకు తెలుసు. తమాషా ఏమిటంటే అదే కాన్ఫరెన్స్‌లో కాలిఫోర్నియా వాళ్లు కూడా ఉన్నారు. స్టాన్‌ఫర్డ్ మీద గెలిస్తే డాలస్‌లో ఎవణ్ని ఏడిపించాలి?

అన్నిటికంటే పెద్ద పేచీ మాదీ ఆస్టిన్‌దీ. 1894లో మొదలైంది. తెలుగువాళ్లకు చెప్పాలంటే ఇది అచ్చంగా అన్నదమ్ముల పంపకం. ఏ అండ్ ఎం 1876లో తెరిచారు, టెక్సాస్ యూనివర్సిటీ 1883లో. 1923లో పడమటి టెక్సాస్‌లో యూనివర్సిటీ భూముల్లో సాంటా రీటా బావిలో నూనె పడింది. దాంతో పెరిగిన శాశ్వత నిధి రాబడిలో రెండు వంతులు తమ్ముడికి, ఒక వంతు అన్నకు. ఆ డబ్బు చదువులకూ భవనాలకే తప్ప ఆటలకు కాదు, అయినా కడుపుమంట కడుపుమంటే. మావాళ్లు ఆస్టిన్ యూనివర్సిటీ పొట్టి పేరు 'యూటీ'ని తిరగేసి, చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో 'టీయూ' అని రాస్తారు. పెద్ద అక్షరాలు వాడేంత మర్యాద కూడా దండగని.

ఆ కోపం ఎలాంటిదో 1999 నవంబర్‌లో చూశాను. ఏటా ఆస్టిన్‌తో ఆటకు ముందు విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవారు. ఆ ఏడు నవంబర్ 18 తెల్లవారుజామున, పేరుస్తుండగానే ఆ దుంగలు కూలి పన్నెండు మంది చనిపోయారు. పొద్దున నేను అక్కడికి వెళ్లేసరికి వందలమంది గడ్డిలో నిలబడి ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. క్రేన్ చప్పుడు ఆగినప్పుడు మాత్రం అందరూ తలెత్తి చూసేవారు. ఎనిమిది రోజుల తర్వాత ఆట జరిగింది. విరామంలో ఆస్టిన్ బ్యాండ్ వాళ్లు మైదానంలో నిలబడి, చనిపోయినవాళ్ల కోసం వాయించి, తెల్ల టోపీలు తీసి చేత పట్టుకున్నారు. కైల్ ఫీల్డ్‌లో అంత నిశ్శబ్దం ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. మేం 20-16తో గెలిచాం. ఆ టోపీలు తీసినవాళ్లని తర్వాతి ఏడు మళ్లీ మామూలుగానే తిట్టుకున్నాం.

అలాంటి ఆటను టీవీ చీల్చింది. 2011లో ఆస్టిన్ వాళ్లు ఈఎస్‌పీఎన్‌తో కలిసి ఇరవై ఏళ్లకు 30 కోట్ల డాలర్లకు సొంత చానల్ పెట్టుకున్నారు. మావాళ్లకు మండి సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌కి, అదే ఎస్ఈసీకి, వెళ్లిపోయారు. ఆ ఏడు థాంక్స్‌గివింగ్ రాత్రి 118వసారి ఆడారు. ఆఖరి క్షణంలో జస్టిన్ టకర్ 40 గజాల నుంచి కొట్టిన ఫీల్డ్ గోల్‌తో ఆస్టిన్ 27-25తో గెలిచింది. ఆ తర్వాత పదమూడేళ్లు ఆటే లేదు. మీరు వదిలిపోయారని వాళ్లు, మీరు తరిమారని మేము. మళ్లీ ఆడాల్సిందేనని శాసనసభలో బిల్లులు కూడా పెట్టారు, ఏదీ ముందుకు సాగలేదు. చివరికి 2024లో ఆస్టిన్ వాళ్లూ అదే ఎస్ఈసీలో, అదే టీవీ డబ్బుల కోసం వచ్చి కూర్చున్నారు. ఇంత తిరుగుడు దేనికయ్యా అని ఇద్దరినీ నిలదీసే పెద్దమనిషి ఒక్కడూ లేకపోయాడు.

పాతరోజులే బంగారమని నేననను. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో నల్లజాతి కుర్రాడు ఫుట్‌బాల్ మైదానంలో దిగింది 1966లో, బేలర్ తరఫున జాన్ వెస్ట్‌బ్రూక్, ఎస్ఎంయూ తరఫున జెర్రీ లెవయాస్. 1969లో దేశంలో మొదటి స్థానంలో నిలిచిన ఆస్టిన్ జట్టులో మైదానంలో దిగినవాళ్లంతా తెల్లవాళ్లే. అదే 1966లో ఎల్‌పాసోలోని టెక్సాస్ వెస్టర్న్ అయిదుగురు నల్లజాతి ఆటగాళ్లతో బాస్కెట్‌బాల్ ఫైనల్ మొదలుపెట్టి, అందరూ తెల్లవాళ్లే ఉన్న కెంటకీని 72-65తో ఓడించింది. పక్క ఊరి పేచీ అంటూ నేను మురిసిపోయే ఆ ప్రపంచంలో అన్నేళ్లు సగంమంది ఇరుగుపొరుగుకి గేటు తెరవలేదు. నాలాంటివాడు ఆ రోజుల్లో వచ్చి ఉంటే ఏ వరసలో నిలబెట్టేవారో నాకు తెలియదు.

పక్క ఊరి ఆట ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నది హైస్కూల్లో. డాలస్ ఉత్తరాన మన తెలుగు కుటుంబాలు నిండిన శివార్లలో శుక్రవారం రాత్రి లైట్లు చూడండి. అలెన్‌లో 2012లో 6 కోట్ల డాలర్లతో 18 వేలమంది కూర్చునే స్టేడియం కట్టారు, హైస్కూల్ పిల్లల కోసం. రెండేళ్లకే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేసి, బాగుచేసి తెరిచారు. మొదట్లో ఆ ఖర్చు వినగానే నేనూ లబోదిబోమన్నాను. తర్వాత మా అమ్మాయి వాళ్ల హైస్కూల్ బ్యాండ్‌లో చేరింది, క్లారినెట్. మనపిల్లలు ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువ కనపడరు కానీ బ్యాండ్‌లో వరసకొకరు ఉంటారు. ఆగస్టు ఎండలో స్కూలు పార్కింగ్ తారు మీద, గ్యాలన్ నీళ్ల క్యాన్ పక్కన పెట్టుకుని, ఎనిమిది అంగలకు అయిదు గజాల లెక్కన నడక నేర్చుకుంటారు. శుక్రవారం సాయంత్రం నేనూ, ఇంకో ముగ్గురు నాన్నలూ ట్రక్కులోంచి సూసఫోన్లు, ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకాలు, దించుతాం. అవతలి స్కూలు ట్రక్కు దగ్గర దించేవాళ్లలో ఒకాయన మా గుంటూరాయనే. ఆట అయ్యేదాకా పలకరింపుల్లేవు.

2026 నుంచి ఎస్ఈసీ తొమ్మిది ఆటల పద్ధతిలో ఆస్టిన్‌కు ఏటా తప్పని ముగ్గురు: ఓక్లహోమా, ఆర్కన్సా, మేము. ముక్కలు చేసిన కుండనే మళ్లీ అతికిస్తున్నారన్నమాట, దానికి ముప్పై ఏళ్లు పట్టింది. లబ్బక్‌లోని టెక్సాస్ టెక్, వేకోలోని బేలర్, ఫోర్ట్‌వర్త్‌లోని టీసీయూ మాత్రం ఇంకా బయటే. ఏళ్ల తరబడి ఆట మొదలవగానే మైదానంలోకి టోర్టియాలు, అంటే మెక్సికన్ రొట్టెలు, విసిరిన లబ్బక్ జనం చివరిసారి ఆస్టిన్‌తో ఫుట్‌బాల్ ఆడింది 2023 నవంబర్‌లో, 57-7తో ఓడి. ఆ బాకీ తీర్చుకునే తేదీ వాళ్ల కాన్ఫరెన్స్ క్యాలెండర్‌లో లేదు.

2024 నవంబర్ 30న మా అమ్మాయిని కైల్ ఫీల్డ్‌కి తీసుకెళ్లాను, పాత ల్యాబ్ మిత్రుడి టికెట్ల మీద. వెళ్లేముందు స్టేడియం ఉత్తరం వైపు రెవెలీల సమాధులు చూపించాను. రెవెలీ అంటే మా యూనివర్సిటీ కుక్క. ఒకదాని తర్వాత ఒకటి చనిపోయినవాటిని అక్కడే పూడ్చి, అవి స్కోరు చూసుకోవడానికి బయట చిన్న బోర్డు పెట్టారు. 2011లో మా అమ్మాయికి మూడేళ్లు, ఆ ఆట గుర్తే లేదు. ఆ రాత్రి మా జట్టు కొట్టిన ఒకే ఒక్క టచ్‌డౌన్ కూడా డిఫెన్స్ చలవే, విల్ లీ బంతి లాక్కుని 93 గజాలు పరుగెత్తాడు. 17-7తో ఓడిపోయాం. బయటికొచ్చి, పార్కింగ్‌లో గంటన్నర కదలని కార్ల మధ్య కూర్చున్నాం. పక్క కారులో నారింజ చొక్కా పెద్దాయన అద్దం దించి, మా అమ్మాయి వైపు చూసి, రెండు వేళ్లతో ఆస్టిన్ వాళ్ల గుర్తయిన కొమ్ములు పెట్టి నవ్వాడు. ఇది అద్దం దించి ఏదో అంది. ఏమందో నాకు వినపడింది. విననట్టు స్టీరింగ్ పట్టుకున్నాను.