కొండమీది గుమాస్తా

స్కాట్లండ్ కొండల్లో ఒక రోజంతా ఒంటరిగా నడిచి వచ్చినవారిలో ఎవరిని కదిలించినా, ఆఫీసును, ఫైళ్లను, పైఅధికారిని కిందే వదిలేసి హాయిగా వెళ్లివచ్చామని చెబుతారు. ఈ మాటను నమ్మే అమాయకులు ఇంకా మిగిలి ఉన్నందువల్ల, ప్రజాహితం దృష్ట్యా అసలు సంగతి చెప్పక తప్పడం లేదు. ఒంటరి కొండనడకలో ఉన్నంత రాతకోతల పని ఏ కొలువులోనూ లేదు. పైగా దీనికి జీతం లేదు, బూట్ల ఖర్చు సొంతం.

ఈ శాఖకు మూలపురుషుడు సర్ హ్యూ మన్రో. 3,000 అడుగులు దాటిన స్కాట్లండ్ శిఖరాల పట్టికను ఆయన 1891లో స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ పత్రికలో ప్రకటించాడు. అంతవరకు తమ మానాన తాము మబ్బులో తడుస్తూ నిలబడిన కొండలకు ఆనాటినుంచి గెజిటెడ్ హోదా వచ్చి, వాటికి మన్రోలనే పేరు స్థిరపడింది. నేడు వాటి సంఖ్య 282. వాటిని ఒక్కొక్కటిగా ఎక్కి, ఇంటికి వచ్చి, పట్టికలో టిక్కు పెట్టుకోవడం వేలమందికి జీవితాశయమైంది. ఆ 3,000 అడుగుల గీతకు ఒక్క అడుగు కింద ఆగిపోయిన కొండ ఎంత అందమైనదైనా మన నడకరి దాన్ని కారు అద్దంలోంచి చూసి సరిపెట్టుకుంటాడు.

అయితే ఈ హోదాకు ఉద్యోగ భద్రత లేదు. 2009లో స్గూర్ నన్ క్యానిచన్ అనే కొండను కొత్తగా కొలిస్తే 913.43 మీటర్లు తేలింది, ఉండవలసింది 914.4, అంటే ఆ 3,000 అడుగులు. తీసేశారు. 2012లో బెయిన్ ఎ క్లాయివ్ వంతు వచ్చింది. దాని ఎత్తు 913.96 మీటర్లు, అంటే తక్కువైంది మూరెడు కన్నా తక్కువే. మూరెడు మట్టి లేనందుకు ఒక పర్వతాన్ని కొలువులోంచి తొలగించిన న్యాయం లోకంలో మరెక్కడైనా ఉందేమో పెద్దలు చెప్పాలి. అంతకు ముందే దాన్ని చెమటోడ్చి ఎక్కినవారి టిక్కు ఏ ఖాతాలోకి పోతుందో కూడా తేల్చవలసి ఉంది.

పట్టిక రాసిన మన్రోకే పట్టిక పూర్తి కాలేదు. 1919లో ఆయన కన్నుమూసేనాటికి, స్కై దీవిలో తాడు లేనిదే ఎక్కలేని ఇనాక్సెసిబుల్ పినకిల్ అనే శిఖరం మిగిలిపోయింది. చివరిదిగా ఎక్కుదామని అట్టిపెట్టుకున్న మరో కొండా మిగిలిపోయింది. ఈ రెండోదాన్ని 1981లో పట్టికనుంచి తొలగించారు గనుక, ఆయన పెండింగు ఫైళ్లలో ఒకటి మరణానంతరం రద్దయినట్టు భావించవచ్చు. అందరికన్నా ముందు, 1901లో, పట్టిక ముగించిన రెవరెండ్ రాబర్ట్‌సన్ మీద కూడా ఆడిట్ అభ్యంతరం ఉంది: వానలో బెన్ వైవిస్ ఎక్కబోయిన ఆయన శిఖరం దాకా వెళ్లాడా, మధ్యలోనే వెనుదిరిగాడా అన్నది తరవాతివారు లేవదీసిన సందేహం. మతగురువు మాటకే దిక్కు లేనప్పుడు మామూలు మనిషి సాక్ష్యాలు పోగుచేసుకోక ఏం చేస్తాడు?

ఇక పనివేళలు. వీటిని 1892లో విలియం నెయిస్మిత్ అనే పర్వతారోహకుడు ఖరారు చేశాడు: మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మరొక గంట. క్రీయన్‌లారిక్ దగ్గరి మూడు శిఖరాల మీద ఆయన 10 మైళ్లు నడిచి, మొత్తం 6,300 అడుగులు ఎక్కితే, శిఖరాల మీద ఆగిన సమయంతో సహా ఆరున్నర గంటలు పట్టింది. సూత్రం ప్రకారం లెక్క కడితే వచ్చేదీ అదే. ఆ మూడింటిలో ఒకటైన బెన్ మోర్‌ను ఇవాళ ఒంటరిగా ఎక్కేవాడు వాచీ చూసుకుంటూ, తాను ఏడు నిమిషాలు వెనకబడ్డానని గుర్తించి, ఎవరూ అడగకపోయినా లోలోపల సంజాయిషీ రాసుకుంటాడు. నిట్టనిలువు గడ్డి వాలు, మెడలో ప్లాస్టిక్ సంచిలో వేలాడే మ్యాపు, చేతికర్ర ఎత్తినప్పుడల్లా మణికట్టు దగ్గర దూరి మోచేతిదాకా పాకే వాన. 1,174 మీటర్ల ఎత్తున అతనికి దక్కేది ఒక రాళ్లగుట్ట, దాని చుట్టూ నాలుగు దిక్కులా తెల్లదనం. అక్కడ ఫొటో తీయడం విధి. తడి వేలిని ఫోను గుర్తించదు. తుడుచుకుందామంటే రుమాలు వేలికన్నా తడిగా ఉంటుంది. చివరికి ముక్కుతో నొక్కి తీస్తాడు.

ఏకాంతం సంగతికి వద్దాం. ఆ రాళ్లగుట్ట దగ్గరికి అవతలి వైపునుంచి మరొక ఏకాంతవాసి వస్తాడు. ఇద్దరూ గాలి గురించి చెరొక వాక్యం పలుకుతారు. ఆ తరవాత కలిసి దిగవలసి వస్తుందేమోనన్న భయంతో ఒకడు వంగి, చక్కగా కట్టి ఉన్న బూటు తాడును విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెడతాడు. గ్లాస్గోలో చదువుకునే మన పిల్లలు పదిమంది కలిసి పులిహోర డబ్బాలతో వెళ్లే కొండకు ఎవడైనా ఒక్కడే వెళ్లాడని తెలిస్తే, ఇంటినుంచి తల్లి ఫోను చేసి, "ఒక్కడివే ఎందుకెళ్లావు నాన్నా, తోడు ఎవరూ దొరకలేదా, ఎవరితోనన్నా గొడవపడ్డావా?" అంటుంది. స్కాట్లండ్‌లో ఆ ప్రశ్న వేసేవారు లేరు. గాలి లేని వేసవి సాయంత్రం తోడుకు మాత్రం కొదవ ఉండదు. మిడ్జిలనే కుట్టే చిన్న పురుగులు వేల సంఖ్యలో హాజరవుతాయి.

2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం, బాధ్యతగా నడుచుకునేవారు ఈ కొండల మీద తిరగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అర్జీ పెట్టుకునే భాగ్యం లేకపోయిన నడకరి ఆ లోటును ఇంట్లోనే తీర్చుకుంటూ, ఏ దారిన వెళ్తాడో, ఎన్నింటికి దిగుతాడో కాగితం మీద రాసి భార్య చేతికిస్తాడు. ఈ ఒక్క కాగితాన్ని మాత్రం వెక్కిరించడానికి నాకు మనసు రాదు. దారి తప్పినవాడి కోసం అర్ధరాత్రి వానలో బయలుదేరే రెస్క్యూ బృందాలవారు పైసా పుచ్చుకోని స్వచ్ఛంద సేవకులు.

మన్రో పట్టిక వెలువడిన 1891లోనే నార్మన్ కోలీ అనే రసాయన శాస్త్రవేత్త ఒక్కడే బెన్ మక్‌డూయీ అనే కొండ ఎక్కి, పొగమంచులో తన వెనక ఎవరో మూడు నాలుగు అడుగులకు ఒక పెద్ద అడుగు వేస్తూ నడుస్తున్న చప్పుడు విని, కొన్ని మైళ్లు పరుగు తీశాడు. ఈ ఫిర్యాదును ఆయన 34 ఏళ్ల తరవాత, 1925లో కెయిర్న్‌గోర్మ్ క్లబ్ సభలో దాఖలు చేస్తూ, అక్కడికి మళ్లీ ఒంటరిగా వెళ్లనని ప్రకటించాడు. విచారణ ఇంకా తేలలేదు. 1,309 మీటర్లతో ఆ కొండ పట్టికలో రెండో స్థానంలో ఉంది, భూతం ఉన్నంత మాత్రాన మినహాయింపు ఇచ్చే నిబంధన ఏదీ లేదు కనుక, టిక్కు కావలసినవారు వెళ్లక తప్పదు.