రచ్చ చేయనివ్వని రచ్చబండకు

రచ్చబండా,

మా కంపెనీలో అందరూ మాట్లాడుకోడానికని తెచ్చిన యాప్‌వి నువ్వు. నీకా పేరు పెట్టినవాళ్ళు ఊళ్ళో రచ్చబండ ఎప్పుడూ చూసుండరు. మా ఊరి వేపచెట్టు కింద బండమీద కూర్చోవాలంటే ఆఫీసు మెయిల్ ఐడీ అక్కర్లేదు, మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చక్కర్లేదు. తువ్వాలుతో దుమ్ము దులుపుకొని కూలబడడమే. నీ మీద కూర్చోవాలంటే మాత్రం ఓటీపీ రావాలి, అది రావాలంటే సిగ్నల్ ఉండాలి, సిగ్నల్ కోసం మా ఫీల్డ్ కుర్రాళ్ళు మైపాడు పక్కన రొయ్యల గుంట గట్టుమీద ఫోను పైకెత్తుకొని నిలబడాలి. వాళ్ళలో సగం మందికి అసలు ఆఫీసు మెయిలే ఇవ్వలేదనుకో, అది వేరే సంగతి.

నువ్వొచ్చి 14 నెలలయింది. నెల్లూరు మినీ బైపాస్ మీద ఏసీ హోటల్లో నీ ప్రారంభోత్సవం, చెన్నై నుంచి కన్సల్టెంటు, ముందు జ్యోతి వెలిగించడం, తర్వాత స్లైడ్లు. ఆయన గంటసేపు మాట్లాడి "ఈ యాప్‌తో మనం కంపెనీలో సైలోలన్నీ బద్దలు కొడతాం" అన్నాడు. డిపార్ట్‌మెంట్ల మధ్య గోడలని ఆయన భావం. మాది రొయ్యల మేత ఫ్యాక్టరీ, సైలో అంటే మాకు పిండి నిల్వచేసే పెద్ద గాదె. వెనక వరసలో కూర్చున్న మా గోడౌన్ పెద్దాయన నా చెవిలో, "సైలోలు పగలగొడితే సోయా పిండి ఎక్కడ పోస్తారు సామీ?" అని అడిగాడు. నవ్వాపుకోలేక చచ్చాను. కానీ ఆ రోజు అక్కడ అందరూ అడగాల్సిన ప్రశ్న ఆయనొక్కడే అడిగాడని ఇప్పుడనిపిస్తోంది.

నీ మీద నాకు కోపమేం లేదు. నీ పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను, మంచి ఇంట్లోనే పుట్టావు. 2006లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఆండ్రూ మెకఫీ అనే ఆయన 'ఎంటర్‌ప్రైజ్ 2.0' అని నీకు నామకరణం చేశాడు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలో పైనుంచి ముందే గీతలు గీయొద్దు, జనాన్ని రాసుకోనివ్వండి, పద్ధతి దానంతటదే తేలుతుంది అన్నది ఆయన మాట. 2008లో నీలాంటిదే యామర్ అనే ఆఫీసు యాప్ వచ్చింది, నాలుగేళ్ళకే మైక్రోసాఫ్ట్ దాన్ని 120 కోట్ల డాలర్లిచ్చి కొనేసింది. ఫేస్‌బుక్ వాళ్ళు 2016లో ఆఫీసుల కోసం వర్క్‌ప్లేస్ అని తెచ్చి, 2024లో మూసేస్తున్నామని చెప్పేశారు. అది మూసేస్తున్నారని తెలిశాక మా వాళ్ళు నిన్ను తెచ్చారు చూడు, అదీ మా టైమింగ్.

నీలో ఇప్పుడు రోజూ ఏం జరుగుతోందో చెప్పనా? పొద్దున్నే ఎండీ గారు సూర్యోదయం ఫోటో పెడతారు. పదినిమిషాల్లో అరవై లైకులు. లైకు కొట్టనివాళ్ళ పేర్లు హెచ్‌ఆర్‌లో ఎవరో రాసుకుంటారని పుకారు, నిజమో కాదో ఎవరూ తేల్చుకోలేదు, అంత ధైర్యం ఎవరికుంది. అందుకని మా సేల్స్ ఆయన బైకు పక్కన ఆపి మరీ లైకు కొడతాడు. ఒకసారి ఎండీ గారి పెద్దమ్మ పోయారన్న పోస్టుకి కూడా అలవాటులో "సూపర్ సార్" అని పెట్టి, గంట తర్వాత గుర్తొచ్చి చెరిపేశాడు. ఆ గంటలో ఇరవై మంది చూశారని నువ్వే లెక్క చూపించావు. ఈ లెక్క చూపించే బుద్ధి నీకు ఎవరు నేర్పారో గానీ, మనుషుల్ని ఇబ్బంది పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇంటర్నెట్‌లో నూటికి 90 మంది ఊరికే చూసిపోతారు, 9 మంది అప్పుడప్పుడు ఓ మాటంటారు, ఒక్కరే అదేపనిగా రాస్తుంటారు అని జేకబ్ నీల్సన్ అనే ఆయన 2006లోనే చెప్పాడు. మా దగ్గర ఆ ఒక్కరూ హెచ్‌ఆర్ మేడమే. మొన్న అమావాస్య రోజు 'ఈ వారం అమ్మకాల ఛాలెంజ్' అని బాణాసంచా బొమ్మలతో పోస్టు పెట్టారు. అమావాస్యకి రొయ్యలు డొల్ల విడుస్తాయమ్మా, మేత సరిగా ముట్టవు, రైతు మేత తగ్గిస్తాడు, ఇది ఇందుకూరుపేటలో ఏ గుంట దగ్గర కాపలా మనిషినడిగినా చెబుతాడు. ఆ కాపలా మనిషికీ నీకూ మధ్య ఉండాల్సింది మా ఫీల్డ్ కుర్రాడు, వాడికేమో లాగిన్ లేదు.

నువ్వు నిజంగా పనికొచ్చిన రోజు ఒకటుంది, అది చెప్పకపోతే నాది అన్యాయం. కిందటి నవంబరు, ముసురు పట్టి నాలుగు రోజులైంది. విడవలూరు వైపు తిరిగే కుర్రాడొకడు, మెయిల్ ఉన్న అదృష్టవంతుల్లో ఒకడు, ఒక ఫోటో పెట్టాడు. అరచేతిలో మేత, సగం గుళికలు, సగం పొడి. వేళ్ళకి బురద. వెనకాల 25 కిలోల సంచి, దానిమీద బ్యాచ్ నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. కింద ఒకటే లైను: "ఇది నలిపితే పొడి అయిపోతోంది, ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

అరగంటలో అల్లూరు నుంచి ఒకడు, కావలి నుంచి ఇంకొకడు "మాకూ అదే బ్యాచ్" అన్నారు. అప్పుడు సైలోల పెద్దాయన, జీవితంలో మొదటిసారి, పక్కవాడి చేత టైపు కొట్టించి, వెనక వరస పైకప్పు రేకు కారుతోందని, రెండు నెలల కిందటే చీటీ రాసిచ్చానని పెట్టాడు. సాయంత్రానికి అదే వరస సరుకుతో కదలబోతున్న లారీని గేటు దగ్గర ఆపారు. రేకు మార్చారు. ఎవరూ మీటింగు పెట్టలేదు, ఎవరూ స్లైడు వెయ్యలేదు. మెకఫీ గారు చెప్పింది మా గోడౌన్లో ఒక్క పూట నిజమైంది.

మర్నాడు పొద్దున చూస్తే ఆ పోస్టు లేదు. దాని చోట నోటీసు: ఇకపై సరుకు నాణ్యత గురించిన పోస్టులు డిపార్ట్‌మెంట్ హెడ్ అనుమతి తర్వాతే కనిపిస్తాయి, అందరూ పాజిటివ్‌గా ఉండాలి. దానికి నలభై లైకులు. అందులో ఒకటి నాది, దాచుకోవడమెందుకు.

డీలర్ల కంటబడితే పరువు పోతుందని భయం, అది నాకూ అర్థమవుతుంది. కానీ డీలరుకి అప్పటికే రైతు చెప్పాడు, రైతు ట్రంకు రోడ్డు టీ కొట్లో పదిమందికి చెప్పాడు. తెలియకుండా పోయింది మాకే.

అప్పట్నుంచి నీ మీద ఏమున్నాయి? పుట్టినరోజు కేకులు, యోగా డే, ఉగాది పచ్చడి ఫోటోల పోటీ. పోటీలో మొదటి బహుమతి ఫ్లాస్కు. కంపెనీ నిజంగా నడిచేది వాట్సాప్ వాయిస్ మెసేజుల మీద, గాలి హోరులో, గుంట నీళ్ళని చిలికే ఏరియేటర్ల చప్పుళ్ళో "అన్నా, డీవో పడిపోయింది, రైతు టెన్షన్ పడుతున్నాడు" అని అరిచే మెసేజుల మీద. డీవో అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. అవి రేపు వెతికితే దొరకవు. ఆ కుర్రాడు ఉద్యోగం మానేస్తే వాడి ఫోనుతోపాటు అవీ పోతాయి. వాటిని దాచిపెట్టడానికే కదా నిన్ను తెచ్చింది!

నిన్న మధ్యాహ్నం విడవలూరు కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత మేతగానే ఉంటోందంట, రొయ్య ముట్టడం లేదంట, మూడు గుంటల్లో ఇదే వరస. అమావాస్య కూడా కాదు.

"ఫోటో తీశానన్నా, రచ్చబండలో పెట్టనా?" అన్నాడు.

"వద్దులే, నా నంబరుకి పంపు" అన్నాను.