మహారాజుల సెలూన్లు దాచుకున్నాం, మన జనరల్ బోగీ సంగతేమిటి?

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం 1977లో మొదలైంది. మన రైళ్ల చరిత్రను ఒకేచోట చూడాలంటే ఇప్పటికీ ముందుగా చెప్పాల్సింది దాని పేరే. వేల్స్ యువరాజు పర్యటన కోసం 1875లో కట్టిన సెలూన్, అంటే రాజుల ప్రయాణానికి ప్రత్యేకంగా చేసిన విలాసపు పెట్టె, అక్కడ ఉంది. బరోడా గైక్వాడ్ కోసం 1886లో చేసినదీ, మైసూరు మహారాజు కోసం 1899లో చేసినదీ ఉన్నాయి. మైసూరు సెలూన్‌లో టేకు మీద దంతం, బంగారం పొదిగిన పనితనం చూసి తీరాలి. వాటిని కాపాడినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ కాలంలో ఈ దేశంలో రైలెక్కిన ప్రతి వందమందిలో తొంభైమందికి పైగా వెళ్లింది మూడో తరగతిలో, చెక్క బల్లల మీద. రైల్వేకు ప్రయాణికుల నుంచి వచ్చిన ఆదాయంలో పెద్ద భాగం వాళ్ల జేబుల్లోంచి వచ్చిందే. వాళ్లు కూర్చున్న పెట్టెలకు మాత్రం ఆ శ్రద్ధ దక్కలేదు.

అదే మ్యూజియంలో ఉన్న పటియాలా మోనోరైలు కథ చూడండి. 1907లో మొదలైన ఆ బండి ఒకే పట్టా మీద నడిచేది. పక్కకు ఒరగకుండా ఒక పెద్ద చక్రం రోడ్డు మీద దొర్లేది. 1927 నాటికి అది ఆగిపోయింది. 1962లో మైక్ సాటో అనే రైలు చరిత్రకారుడు పటియాలాలో ఒక షెడ్డులో తుక్కుగా పడి ఉన్న దాని భాగాలను గుర్తించాడు. తర్వాత అమృత్‌సర్ రైల్వే వర్క్‌షాపులో ఇంజన్‌ను మళ్లీ నడిచే స్థితికి తెచ్చారు. దానితోపాటు ఒక పెట్టెను కూడా తిరిగి తయారు చేశారు. అది చీఫ్ ఇంజనీరు తనిఖీలకు వాడిన పెట్టె. మామూలు జనం ఎక్కిన పెట్టె కాదు.

దీనికి ఎవరినో తప్పుపట్టి లాభం లేదు. ఇంజన్ ఇనుము కాబట్టి ఎండకూ వానకూ కొన్నేళ్లు తట్టుకుంటుంది. స్టేషన్ బయట దిమ్మె కట్టి నిలబెట్టి ఏటా రంగు వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది. చెక్క పెట్టె అలా కాదు. పైకప్పు లేకపోతే రెండు మూడు వానాకాలాల్లోనే నీరు దిగుతుంది, చెద పడుతుంది. పైగా ప్రయాణికుల పెట్టె ఎప్పుడూ చివరిదాకా పనిచేసి అలిసిపోయాకే పక్కకు వస్తుంది. ఒకేరకం పెట్టెలు వేలకొద్దీ కళ్లముందు తిరుగుతున్నప్పుడు వాటిలో ఒకటి దాచాలని ఎవరికీ తోచదు. తోచేసరికి అన్నీ వేలంలో తుక్కు కింద పోయి ఉంటాయి.

ట్రాముల విషయంలో ఈ నష్టం ఇంకా పెద్దది. మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాము నడిచింది. తెలుగువాళ్లు చదువుకూ, ఉద్యోగానికీ, సినిమాకూ ఆ నగరానికి చేరిన రోజుల్లో ఊళ్లో తిరగడానికి ట్రామే ఆధారం. 1953 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు ఎవరిదన్న వాదన మీద మన దగ్గర పుస్తకాలు ఉన్నాయి. మనవాళ్లు రోజూ ఎక్కి దిగిన ఆ ట్రాము ఆనవాళ్లు మాత్రం అది నడిచిన రోడ్ల మీద దాదాపు ఏమీ మిగల్లేదు. బొంబాయిలో 1964లో, ఢిల్లీలో 1963లో ట్రాములు ఆగాయి. ఇక దేశంలో మిగిలింది కోల్‌కతా ఒక్కటే.

కోల్‌కతాలో 1873లో గుర్రాలు లాగే ట్రాము వచ్చింది, 1902లో కరెంటుది వచ్చింది. 1953లో కంపెనీ రెండో తరగతి చార్జీని ఒక్క పైసా పెంచితే నగరం భగ్గుమంది. ట్రాములు తగలబడ్డాయి, చివరికి ఆ పెంపు వెనక్కి పోయింది. ఒక్క పైసా కోసం అంత గొడవ ఎందుకయిందో పుస్తకంలో చదివితే సగమే అర్థమవుతుంది. ముందు పెట్టె మొదటి తరగతి, అందులో ఫ్యాన్లు. వెనక పెట్టె రెండో తరగతి. రెండూ ఒకే ట్రాము, ఒకే దారి. ఆ రెండు పెట్టెల్లోనూ ఒకదాని తర్వాత ఒకటి కూర్చుని చూసినవాడికి ఆ కోపం వేరేగా అర్థమవుతుంది. ప్రయాణికుల మ్యూజియం చేయగలిగిన పని ఇదీ.

కోల్‌కతా ఎస్ప్లనేడ్‌లో 1938 నాటి ఒక ట్రామును స్మరణిక అనే చిన్న మ్యూజియంగా మార్చి 2014లో తెరిచారు. పాత టికెట్లు, కండక్టర్ల టోపీలు, బ్యాడ్జీలు పెట్టారు. మంచి పని. కానీ 2024 సెప్టెంబరులో మైదాన్-ఎస్ప్లనేడ్ మధ్య ఒక్క ముక్క తప్ప మిగతా ట్రాము దారులన్నీ ఆపేస్తామని అక్కడి రవాణా మంత్రి ప్రకటించారు. ట్రాఫిక్ ఇబ్బంది నిజమే కావచ్చు. అయితే ఆ నిర్ణయంతో పోయేవి పట్టాలు మాత్రమే కాదు. ట్రాములు బాగుచేసే నోనాపుకుర్ వర్క్‌షాపులో పాత మోటారును విప్పి బిగించగల చేతులు కూడా పోతాయి. ఆ పనితనాన్ని ఏ అద్దాల బీరువాలోనూ పెట్టలేం. ట్రాము నడుస్తుంటేనే అది బతుకుతుంది.

ఇంగ్లండ్‌లో ట్రాములు మూతపడుతున్న కాలంలో మామూలు అభిమానులు ఏం చేశారో తెలుసుకోవడం మనకు అవసరం. 1948లో సౌతాంప్టన్ ట్రాములు చూడటానికి వెళ్లిన ఒక బృందం, తుక్కుకు వెళ్లబోతున్న 45వ నంబరు బండిని పది పౌండ్లకు కొనేసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా అప్పటికి వాళ్లకు తెలియదు. ఆ ఒక్క బండితో మొదలైన ప్రయత్నం డెర్బీషైర్‌లోని క్రిచ్ గ్రామంలో ఒక పాత రాతి క్వారీకి చేరింది. 1959లో వాళ్లకు ఆ స్థలం దొరికింది. 1964 నుంచి అక్కడ కరెంటు ట్రాములు నడుస్తున్నాయి. వచ్చినవాళ్లకు లోపలికి వెళ్లేటప్పుడు పాత కాలపు పెన్నీ ఒకటి ఇస్తారు. ట్రాము ఎక్కి ఆ పెన్నీ కండక్టరుకు ఇచ్చి టికెట్ తీసుకోవాలి. చిన్న ఏర్పాటే, కానీ చూడటానికి వచ్చినవాడు ఒక్క క్షణంలో ప్రయాణికుడు అయిపోతాడు. అంతకు ముందే, 1939లో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కొందరు కుర్రాళ్లు 150 డాలర్లతో ఒక ట్రాలీకారు (ట్రామును అక్కడ అలా అంటారు) కొన్నారు. అదే సీషోర్ ట్రాలీ మ్యూజియంగా ఎదిగింది. రెండు చోట్లా పని మొదలుపెట్టింది ప్రభుత్వాలు కావు. లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం అయితే సీట్ల మీది గుడ్డ నమూనాలను కూడా సేకరించి దాచింది. ప్రయాణికుడి ఒంటికి తగిలింది ఆ గుడ్డే కదా.

మన దగ్గర అలాంటి కథకు కొదవ లేదు. 1974లో మూడో తరగతి రద్దయింది. పేరు మారింది గానీ రెండో తరగతిలోనూ పడుకునేది చెక్క మీదే. 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే ఆ చెక్క బెర్తుల మీద రెండు అంగుళాల నురుగు పరుపు వేయించారు. కోట్ల మంది నడుములకు దొరికిన ఊరట అది. స్వతంత్ర భారత రైల్వేలో అంతకంటే మంచి సంస్కరణ ఏదని అడిగితే నేను చాలాసేపు ఆలోచించాల్సి వస్తుంది. ఏ మ్యూజియమైనా ఒక చెక్క బెర్తు, పక్కనే ఒక పరుపు బెర్తు పెట్టి పిల్లల్ని పడుకుని చూడమంటే చాలు, పక్కన బోర్డు కూడా అక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన నేరో గేజ్ లైను మనది. తర్వాత అది గుణుపూర్ దాకా సాగింది. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవరలు ఒకే పెట్టెలో వెళ్లిన బండి అది. బ్రాడ్ గేజ్ కోసం 2004లో దాన్ని ఆపేశారు. బ్రాడ్ గేజ్ రావడం అవసరమే, ఆ ప్రాంతానికి మేలే జరిగింది. ఆ లైను ఇంజన్లను కొన్నింటిని ప్రదర్శనకు దాచారు కూడా. కానీ ఆ పెట్టెల్లో సంతకు వెళ్లినవాళ్లు, పుట్టింటికి వెళ్లినవాళ్లు, కాలేజీకి వెళ్లినవాళ్లు చెప్పే మాటలను ఒక పద్ధతిగా రికార్డు చేయాల్సిన సమయం ఇదే. బొగ్గు ఇంజన్ల రోజులు గుర్తున్నవాళ్లకు ఇప్పుడు బాగా వయసు మళ్లింది.

ఇంకా తొందరగా చేయాల్సిన పని మరొకటి ఉంది. చెన్నై పెరంబూరులోని బోగీల కర్మాగారం ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) 1955 నుంచి తయారుచేసిన పాతరకం బోగీల ఉత్పత్తి 2018 జనవరితో ఆగింది. వాటి స్థానంలో ఇప్పుడు తయారయ్యేవి జర్మన్ డిజైను ఎల్‌హెచ్‌బీ బోగీలు. ప్రమాదాల్లో అవి ఒకదానిమీదికి ఒకటి అంత సులభంగా ఎక్కవు కాబట్టి ఆ మార్పు మంచిదే, ఆలస్యమైందనే అంటాను. పాత బోగీల సర్వీసు పాతికేళ్లు. కొన్నింటిని ముందే కార్లు మోసే వ్యాగన్లుగా మార్చేస్తున్నారు, సీట్లు పీకి కిటికీలు మూసేస్తున్నారు. కొన్ని రెస్టారెంట్లు అవుతున్నాయి, కాచిగూడ స్టేషన్ దగ్గర ఒకటి ఉంది. పిల్లలు సరదా పడతారు, మంచిదే. కానీ లోపల బెర్తులు తీసేసి సోఫాలు వేశాక మిగిలేది డబ్బా మాత్రమే.

అందుకే నేను కోరేది ఒక్కటే: ఒక స్లీపర్, ఒక జనరల్ బోగీని చివరి ట్రిప్పు నుంచి ఎలా వచ్చాయో అలాగే తీసి పక్కన పెట్టాలి. 72 బెర్తులు, దువ్వెనతో తోస్తేగానీ తిరగని ఫ్యాను, గొలుసుకు కట్టిన మగ్గు, కిటికీ ఊచలు, బెర్తు కింద ఎవరో గీకిన పేరు, అన్నీ ఉండాలి. కొత్త రంగు వేయకూడదు. రంగు వేస్తే ఏ డిపోది, ఎప్పుడు ఓవర్‌హాల్ అయింది అని పక్కన రాసిన అక్షరాలు పోతాయి. బోగీ 21 మీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి దానికి రేకుల షెడ్డు ఒకటి కావాలి, ఖర్చు ఉంటుంది. ఎన్నో బోగీలు దాచలేం, దాచక్కర్లేదు. రెండు చాలు. వాటితోపాటు చేత్తో రాసిన రిజర్వేషన్ రిజిస్టర్లు, అట్ట టికెట్లు, వాటి మీద తేదీ గుద్దే మిషన్ ఉండాలి. కాన్సర్ట్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ పద్ధతిని 1994లో మొదట అమలు చేసింది సికింద్రాబాద్‌లోనే గనుక, ఆ పాత రిజిస్టర్ల కథ చెప్పడానికి సికింద్రాబాద్ కంటే తగిన చోటు లేదు.

బోగీ పనికిరాదని కాగితం మీద తేల్చిన తర్వాత అది వేలానికి వెళ్లడానికి ఎంతో కాలం పట్టదు. ఏది దాచాలో ఆ కాగితం మీద సంతకం పడకముందే తేల్చాలి. ఆ నిర్ణయం రైల్వే జోన్ స్థాయిలో తీసుకోవచ్చు.