ఒరిజినల్ సాబ్‌కు వరంగల్ నుంచి దండాలు

హన్మకొండ చౌరస్త,
చాయ్ బండి పక్కన బెంచీ మీదికెల్లి.

మహారాజశ్రీ ‘ఒరిజినల్‌ల అట్ల లేదు’ సాబ్ గారి సముఖానికి,

దండాలు సాబ్. ఇక్కడ మేమంత క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పనే లేదు. అమెరికల ఒక సూపర్‌హీరో సినిమాకు ఎవరినో ఖాయం చేసిండ్రని వార్త వచ్చిన పావుగంటల మీరు నయీంనగర్ హాస్టల్ రూములల్ల దిగుతరు. అక్కడికెల్లి కేయూ క్రాస్‌రోడ్డు, అక్కడికెల్లి కాజీపేట స్టేషన్ ముంగట టిఫిన్ సెంటర్. పోస్టర్ మీద మొఖం జర నల్లగ కనవడ్డదో, మీసాలున్న పాత్ర ఆడపిల్లకు పోయిందో, ఇగ మీ రాజ్యమే. కామిక్ పుస్తకం కండ్లతోని సుత చూడని పోరడు మీ మీద ఒట్టు వెట్టి చెప్తడు: “ఒరిజినల్‌ల అట్ల లేదు భయ్.”

బరాబర్. పాత కథ మీద ప్రేమ ఉండుడు తప్పు గాదు. కాని సాబ్, ఒక్క ముచ్చట తేల్చండ్రి. ఏ ఒరిజినల్?

హల్క్‌నే చూడండ్రి. 1962ల మొదటి సంచికల ఆయన బూడిద రంగు మనిషి. అప్పటి కామిక్ అంటె చవుక కాయితం, నాలుగే సిరాలు: నీలం, గులాబీ, పసుపు, నలుపు. మిగిలిన రంగులన్ని ఈ నాలుగింటి చుక్కల కలగలుపు. బూడిద రంగుకు ఈ పద్ధతి అస్సలు పడదు. ఒక సిరా ఇంత ఎక్కువ పడ్డా రంగు తిరిగిపోతది, చవుక కాయితం ఇంకింత పీలుస్తది. ఒకే హల్క్ ఓ పేజీల బొగ్గు లెక్క, ఓ పేజీల సున్నం గోడ లెక్క అచ్చయిండు. ప్రెస్సు తోటి ఏగలేక రెండో సంచికకు ఆకుపచ్చ జేసిండ్రు. అరవై ఏండ్లకెల్లి మీరు కావలి కాస్తున్న ఆ ఆకుపచ్చ, ప్రెస్సోళ్ల తిప్పలకు పుట్టిన బిడ్డ.

మనుషుల రంగు సుత అంతే. ఆ పుస్తకాలల్ల తెల్లోని చర్మమంటె లేత గులాబీ చుక్కలు, లేత పసుపు చుక్కలు. ఈ రెంటి పాళ్లు కుదిరినయి కాబట్టి దానికి ‘మనిషి రంగు’ అని పేరు వడ్డది. నల్లజాతి మనిషి వస్తె ఆ నాలుగు సిరాలల్ల మట్టి రంగో బూడిదో కలిపి ముంచిండ్రు. చైనా మనిషి వస్తె నిమ్మపండు పసుపు పూసిండ్రు. ఆ లెక్కన ఒరిజినల్‌కు కట్టుబడాలంటె నిమ్మపండు మనిషిని ఏడికెల్లి తెస్తరు?

సూపర్‌మ్యాన్ 1938ల పుట్టినప్పుడు ఎగరలేడు, దుంకుతడు. మైలుల ఎనిమిదో వంతు, అంటె రెండు వందల మీటర్లు. చౌరస్తల ఎగిరి దుంకితె బస్టాండ్ సుత అందదు. ఆయనను ఆగం చేసే క్రిప్టోనైట్ 1943ల రేడియో నాటకంకెల్లి వచ్చింది, పుస్తకంకెల్లి కాదు. సూపర్‌హీరోలను జమ చేసే గూఢచారి పెద్ద నిక్ ఫ్యూరీ ముచ్చట ఇంకా తమాష. 1963ల తెల్లోడు. 2002 కాలం కొత్త వరుస పుస్తకాలల్ల బొమ్మలు గీసినాయన నల్లజాతి నటుడు శామ్యూల్ జాక్సన్ మొఖాన్నే అచ్చుగుద్దినట్టు గీసిండు. 2008ల ఐరన్ మ్యాన్ సినిమ చివర్ల ఆ మొఖమే నడుసుకుంట తెర మీదికి వచ్చింది. ఇప్పుడు రేపు ఎవరన్న తెల్లోణ్ని ఆ పాత్రల పెడ్తె, సాబ్, మీరు ఏ దిక్కు నిలవడ్తరు? రెండు దిక్కుల మీ సంతకమే ఉన్నది.

మీరు రంగు కోసమే వస్తరని నింద వేసుడు న్యాయం గాదు, అదీ చెప్పాలె. 1988ల మైకెల్ కీటన్‌ను బ్యాట్‌మ్యాన్ అన్నప్పుడు కంపెనీకి యాభై వేల ఉత్తరాలు పోయినయని చెప్పుకుంటరు. ఆయన తెల్లోడే, మీకు వచ్చిన బాధ ఆయన అంతకుముందు వేసిన కామెడీ వేషాలే. హీత్ లెడ్జర్‌ను జోకర్ అన్నప్పుడు సుత మీరు మంట వెట్టిండ్రు. తర్వాత ఆయన చనిపోయినంక ఆస్కార్ వస్తె కండ్లు తుడుసుకున్నరు. అయితె చేతులకెల్లి ఉక్కు పంజాలు బయటికొచ్చే వుల్వరిన్ కాడ మాత్రం మీ కొలిచే టేపు ఏడ పెట్టి మర్చిపోయిండ్రో తెల్వది. పుస్తకంల ఆయన ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. తెర మీద హ్యూ జాక్‌మన్ ఆరడుగుల రెండంగుళాలు. పదకొండు అంగుళాలు ఎక్కువ! పొట్టోడు, మోటోడు, అందరు నవ్వితె కోపం వచ్చేటోడు అన్న ముచ్చటంత ఆ ఎత్తుల కొట్టుకపోయింది. పోస్టర్ చూసి ఒకపారి మూలిగిండ్రు, సినిమ చూసి అలవాటైండ్రు. 2000 నుంచి 2024 దాక ఈలలు వేసిండ్రు. ఎత్తుకు ఇచ్చిన మాఫీ రంగుకు ఎందుకియ్యరో గంతే మా అనుమానం.

ఇగ పని ముచ్చటకు వద్దాం. ఇల్లు మార్చుకునేటోడు గోడ పడగొట్టే ముందు మేస్త్రీని అడుగుతడు: “దీని మీద స్లాబు ఉన్నదా, ఉట్టి అడ్డం గోడనా?” పాత్రను సుత గట్లనే అడగాలె. ఒక లక్షణం తీసి పక్కన వెట్టి కథ మొదటికెల్లి చెప్పి చూడండ్రి. కథ ఎక్కడ కుంటుతదో అదే స్లాబు మోసే గోడ. టిచాలా, అదే బ్లాక్ పాంథర్, 1966ల పుట్టిన పాత్ర. ఆయన ఏలే వకాండ అంటెనే వలస పాలన చెయ్యి పడని ఆఫ్రికా. రంగు మార్చితె ఇల్లు మొత్తం నెత్తిన కూలుతది. ఎక్స్‌మెన్ కథల విలన్ మాగ్నెటో నాజీల చావు శిబిరంల బతికి బయటపడ్డ యూదు పిల్లగాడు. అది తీసేస్తె ఆయన కోపానికి కారణమే ఉండదు. స్పైడర్‌మ్యాన్ అయ్యే పీటర్ పార్కర్‌కు కావల్సినయి చేతుల పైసలు లేకపోవుడు, పెద్దమ్మ, తన తప్పుతోని చచ్చిన పెద్దనాయన. వీటిల్ల రంగు ఏడున్నదో చూపెట్టండ్రి. థార్ కథల అస్గార్డ్ అనే దేవలోకంల హైమ్‌డాల్ పని ఇంద్రధనుస్సు వంతెన కాడ కావలి, దూరం చూసుడు, కొమ్ము ఊదుడు. 2011ల ఆ వేషం నల్లజాతి నటుడు ఇడ్రిస్ ఎల్బా వేస్తె అమెరికల బహిష్కరణ పిలుపులు లేచినయి. దేవుళ్లు ఇంద్రధనుస్సు మీద గుర్రాలు ఉరికించే కథల మీకు నమ్మశక్యం కానిది కావలోని ఒంటి రంగొక్కటే అయింది.

అవుతల దిక్కు మీరు అంత గట్టిగ వినవడలె. పుస్తకంల టిబెట్ ముసలాయన అయిన డాక్టర్ స్ట్రేంజ్ గురువు ‘ఏన్షియంట్ వన్’ 2016 సినిమల తెల్ల నటి టిల్డా స్విన్టన్ అయింది. గడ్డం ముసలి గురువంటె పాత మూస బొమ్మ అయితదని భయపడి మార్చిండ్రట. మూస పోయింది, దానితోని ఒక ఆసియా నటుని కుర్సీ సుత పోయింది. బ్యాట్‌మ్యాన్ శత్రువు రాస్ అల్ ఘూల్ అన్న అరబ్బు పేరు 2005ల తెల్ల నటుడు లియామ్ నీసన్‌కు అంటింది. ఆ రెండుసార్లు లొల్లి పెట్టినోళ్లు వేరేటోళ్లు. మీరు ఇంట్లె నిద్రల ఉన్నట్టున్నరు.

అసలు మీరు పోరాడాల్సిన జాగ ఒకటి చెప్తం, రాసుకోండ్రి. కమలా ఖాన్, అంటె మిస్ మార్వెల్. అమెరికల జెర్సీ సిటీల పాకిస్తానీ ఇంటి పిల్ల, 2014ల సొంత పుస్తకం. మొదటిసారి శక్తి వచ్చినప్పుడు ఆ పిల్ల ఏమైతది? ఒళ్లు సాగి, రూపు మారి, బంగారు జుట్టు తెల్లామె అయితది. హీరో అంటె అట్లనే ఉండాలె అనుకున్నది గనుక. తర్వాత తన మొఖంతోనే పని చెయ్యొచ్చని తెలుసుకుంటది. అంటె ఒళ్లు సాగుడే ఆ కథకు స్లాబు. 2022 సిరీస్‌ల ఆ శక్తిని తీసేసి ఒక కడియం, కాంతి పలకలు ఇచ్చిండ్రు. చూడ ముచ్చటగ ఉన్నయి, అద్దం ముంగట నిలవడ్డ ఆ పిల్ల ముచ్చట మాత్రం ఎల్లిపోయింది. ఇది ఫిర్యాదు సాబ్! దీని మీద మీరు ఎలుగెత్తి అరిస్తె మేం గ్లాసులు కింద పెట్టి చప్పట్లు కొడ్తుంటిమి. మీరేమో ఆ పిల్ల హీరోయిన్ ఎందుకైందని అడుగుతున్నరు.

పవిత్ర్ ప్రభాకర్ కథ మీకు ఇంకో పాఠం. 2004ల మనోళ్లే కలిసి చేసిన ఇండియా స్పైడర్‌మ్యాన్‌ల పీటర్ పార్కర్ పేరు పవిత్ర్ అయింది, ప్రియురాలు మేరీ జేన్ మీరా జైన్ అయింది, పెద్దనాయన బెన్ భీమ్ అయిండు. ధోతి కట్టిచ్చిండ్రు, ఒక యోగితోని శక్తి ఇప్పిచ్చిండ్రు. పాత పటానికి కొత్త ఫ్రేము. 2023 యానిమేషన్ సినిమల అదే పిల్లగాడు నెత్తికి నూనె ముచ్చట, ‘చాయ్ టీ’ అన్నోణ్ని ఆటపట్టించుడు, తన ఊరు, తన బడాయితోని వచ్చిండు. తెలుగుతో కలిపి పది భాషలల్ల ఆ సినిమ మన దేశంల ఆడింది. రంగు రెండుసార్లు ఒక్కటే. ఒకటి అతుకు, ఇంకోటి మనిషి.

ఇగ మన ఇంటి ముచ్చట. కోపం చెయ్యకండ్రి. కృష్ణుడంటెనే నల్లనయ్య. తెర మీద నీలం రంగు కొట్టి తెచ్చినప్పుడు మీరు లేవలె. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఒంటి రంగుకే వచ్చింది. ఇన్ని సినిమలల్ల నల్లని ద్రౌపదిని ఎక్కడన్న చూసిండ్రా? 1977ల దానవీరశూరకర్ణల ఎన్టీఆర్ కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే, మేం మూడింటికీ దండం వెట్టినం. 1980ల ఆయనే ‘సూపర్‌మాన్’ అని సినిమ చేస్తె సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం కుల ధృవీకరణ పత్రం తెమ్మని ఎవ్వరడగలె. 2015ల మన ఓరుగల్లు రుద్రమ వేషం కర్ణాటక బిడ్డ వేసింది. మంచిగనే వేసింది. అదే సినిమల గోన గన్నారెడ్డి మన యాసల మాట్లాడితె థియేటర్ ఊగిపోయింది. ఎందుకు ఊగిందో మీకు తెల్వదా? అప్పటిదాక ఈ యాసకు ఇచ్చిన వేషాలు రౌడీ, తాగుబోతు, పనోడు, నవ్వించేటోడు. హీరో నోట్ల పడుడు అరుదు. ఏండ్ల తరబడి మన మాటనే వేషానికి పనికిరాదన్నప్పుడు ‘ఒరిజినల్‌ల ఈ ఊరోళ్లు అట్ల మాట్లాడరు’ అని ఒక్క ఉత్తరం రాయని సాబ్, అస్గార్డ్ కావలోని కోసం పొద్దంత గొంతు చించుకుంటడు.

రుద్రమ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఆడామె గద్దె మీద కూసునుడు సామంతులల్ల కొందరికి నచ్చలేదంటరు. అంటె 13వ శతాబ్దంల సుత మీరు ఖిలా వరంగల్‌ల తిరిగినట్టే లెక్క. ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని చెక్కిచ్చిండ్రు. పేరుకు మగ వేషం కట్టి మీ నోరు మూసిండ్రు, రాజ్యం ఆమె ఏలుకున్నది.

మన దిక్కు కామిక్ ఎట్లుంటదో చూస్తరా? చేర్యాలకు పోండ్రి. నకాశీ పటం. ఖద్దరు బట్టకు అంబలి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, తుమ్మబంక కలిపి పూత మీద పూత పూసి ఆరవెడ్తరు. ఒక పూత మందమైతె చుట్టినప్పుడు పగుల్తది, పలచనైతె రంగు పీల్చుకుంటది. ఎర్రటి నేపథ్యం మీద గళ్లు గళ్లుగ కథ. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు. కథ చెప్పెటోళ్లు కట్టెకు వేలాడదీసి గడి తర్వాత గడి విప్పుకుంట పాడుతరు. పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు, నేత పుట్టుక అందులనే ఉంటది. గౌడులకు గౌడ పురాణం. మాదిగలకు డక్కలోళ్లు జాంబ పురాణం విప్పుతరు. అండ్ల జాంబవ ముని భూమి కంటె ముందు పుట్టినోడు. లోకం పుట్టుక ఒక్కటే, ఎవరి పటంల వాళ్ల పెద్దమనిషి నడిమిట్ల ఉంటడు. చూసేటోళ్లు తమ పటం తాము గీయించుకున్నరు, కథ చెప్పినోనికి వడ్లు కొలిచిండ్రు. మీ మొహర్ కోసం ఎవ్వరు ఆగలె. నల్లజాతి స్పైడర్‌మ్యాన్ మైల్స్ మొరాలెస్ 2011ల వచ్చింది గీ తొవ్వలనే: పీటర్ మొఖం మార్చకుంట, తన పటం తాను తెచ్చుకున్నడు.

మిమ్మల్ని ఒక్కరినే తిడ్తె మీ తమ్ముడు, తెర మీద అన్ని తీర్లోళ్లు కనవడాలె అనే డైవర్సిటీ సాబ్ సంబురపడ్తడు. ఆయన గురించి సుత చెప్పాలె. ఆయనకు పోస్టర్ ముఖ్యం. ఎడమ దిక్కు ఒక నల్ల మొఖం, కుడి దిక్కు ఒక ఆడ మొఖం, సినిమల ఆ ఇద్దరికి కలిపి నాలుగు డైలాగులు. నటుణ్ని మార్చి స్క్రిప్టు ముట్టుకోడు. ఇల్లు, తిండి, తల్లి, ఊరు పాతోనియే ఉంటయి. లైట్లు తెల్ల చర్మానికి పెట్టినయే ఉంచి, నల్ల మొఖం చీకట్ల మునిగినంక, తర్వాత రంగులు దిద్దే గ్రేడింగ్‌ల ఎలుగు గుంజుతడు, మొఖం బూడిదైతది. సినిమ ఆడకపోతె తప్పు నటుని మీదికి తోస్తడు, మీరు వెంటనే ‘చెప్పిన కదా’ అని ఎగబడ్తరు. 2015 ఫెంటాస్టిక్ ఫోర్‌ల నల్లజాతి నటుడు మైకెల్ బి. జోర్డన్‌ను తీసుకున్నందుకే లొల్లి లేచింది, ఆ సినిమ మొత్తం కుప్పకూలింది. మీరిద్దరు అన్నదమ్ములు, పొత్తుల దుకాణం నడుపుతున్నరని ఊళ్లె అనుమానం.

మల్లొక పోస్టర్ ఎప్పుడో ఒకప్పుడు వస్తది, మీరు సుత వస్తరు. రాండ్రి. వచ్చేటప్పుడు సంవత్సరం, సంచిక నంబరు జేబుల పెట్టుకోండ్రి. పడగొట్టిన గోడ మీద స్లాబు ఉన్నదో లేదో మేస్త్రీ లెక్క చెప్పండ్రి. చెప్తె చాయ్ మాది, ఉస్మానియా బిస్కట్ సుత మాదే. లేకుంటె బిల్లు మీ తమ్మునితోని కలిపి మీరే కట్టాలె.

ఇట్లు,
చౌరస్త చాయ్ బెంచీ.

తా.క. వుల్వరిన్ ఎత్తు పంచాది ఇంక పెండింగ్‌లనే ఉన్నది. టేపు మేం తెస్తం.