కంపెనీ వారికి రాని విద్య

కొత్త కార్లను కంపెనీలు అసంపూర్తిగానే అమ్ముతున్నాయన్న చేదు నిజం నాకు నల్లగొండలోని మా మేనల్లుడి వల్ల తెలిసింది. ఎండలో, మంచులో, ఘాట్ రోడ్లపైన ఏళ్ల తరబడి పరీక్షించి ఇంజనీర్లు ఖరారు చేసిన ట్యూనింగును, అంటే ఇంజనును నడిపే కంప్యూటరులోని లెక్కలను, హైదరాబాదులో ఒక కుర్రవాడు స్టీరింగు కింది సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, మేము రెండు చాయలు తాగేలోపు సరిదిద్దాడు. ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో పీడనం పెరిగింది, స్పార్క్ పడే వేళ ముందుకు జరిగింది, మావాడి జేబులో 30 వేలు తగ్గాయి.

"మామా, పికప్ సూడు!" అంటూ అతడు నన్నెక్కించుకొని మిర్యాలగూడ దారి పట్టాడు. అవి వరికోతల రోజులు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, మిగిలిన సగంలో మిల్లులకు వెళ్లే ట్రాక్టర్లు బారులు తీరాయి. పెరిగిన హార్స్‌పవర్ మొత్తాన్నీ మేము ఒక ట్రాక్టరు వెనుక గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తనివితీరా అనుభవించాము.

ఇక గాలి సంగతి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి కనుక, ఇంజనుకు గాలి ఎక్కువ అందితే బలం పెరుగుతుందన్న వాదనలో దోషం లేదు. అయితే చల్లని గాలే చిక్కగా ఉంటుందని తెలిసిన కంపెనీ వారు, అమాయకంగా, బయటి గాలిని ముందువైపు నుంచి గొట్టంలో తెచ్చి మూతబిగించిన డబ్బాలో వడకట్టారు. మావాడు ఆ డబ్బాను పీకించి, బానెట్ కింద ఎర్రటి గరాటు వంటి ఫిల్టర్ బిగించాడు. దాని పేరు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, అంటే చల్లగాలి పీల్చేది. అది పీల్చేది ఇంజను సెగకు కాగిన గాలి, అందునా నల్లగొండ మే నెలలో. మిర్యాలగూడ ఊక, దామరచర్ల సిమెంటు దుమ్ము దానికి ఉచితం. ఫిల్టరుకు పూసిన నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సరుకు అంటుకొని లెక్కలు తప్పుతాయట. అభివృద్ధికి ఆ మాత్రం లెక్కతప్పడం మనకు కొత్తేమీ కాదు. అన్నిటికీ మించి, 'సుయ్' మనే ఆ శబ్దానికి గడియారం సెంటర్లో నలుగురూ తల తిప్పి చూస్తున్నారు.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మావాడు ఇదంతా శ్రద్ధగా విని, అద్దాలకు నల్ల ఫిల్మ్ ఎప్పుడు వేయించాలని అడిగాడు.

వారంటీ పోతుందన్న భయం మాత్రం అతనికి ఉంది. అందుకే సర్వీసుకు రెండు రోజుల ముందు అటక మీది పాత డబ్బా దిగుతుంది, పాత ట్యూనింగు తిరిగి ఎక్కుతుంది. ఆ రెండు రోజులూ కారు మెత్తగా నడుస్తుందనీ, మైలేజీ కూడా బాగుంటుందనీ అతడే ఒప్పుకున్నాడు. సర్వీసింగు దగ్గరపడుతోందని బండికి ముందే తెలిసిపోతుందని అతని నమ్మకం.