నీలి ఉక్కా, స్టెయిన్‌లెస్సా? బావా బావమరుదుల వాదం

సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉండే ఇద్దరు బావా బావమరుదులు. బావ ఏళ్ల తరబడి అక్టోబర్ రాగానే ఒలింపిక్ ద్వీపకల్పం అడవుల్లోకి బ్లాక్‌టెయిల్ జింకల వేటకి వెళ్తున్నాడు. బావమరిది రఘు ఈ ఏడాదే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ముగించి లైసెన్సు తీసుకున్నాడు, మొదటి రైఫిల్ కొనబోతున్నాడు. చిత్రం ఏంటంటే పాతకాలపు నీలి ఉక్కు (పైపొరని నల్లటి నీలంగా మార్చిన మామూలు ఉక్కు) మీద మోజు కుర్రవాడిది, స్టెయిన్‌లెస్ పట్టుదల పెద్దవాడిది. నా ఓటు బావకే, దాచను. అలాగని రఘు ఊరికే ఓడిపోయే రకం కాదు.

రఘు: దొరికింది బావా! వించెస్టర్ మోడల్ 70, 1964కి ముందు తయారైంది. వాల్‌నట్ కర్ర స్టాక్ (భుజానికి ఆనించే భాగం). బ్యారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం) మీద ఆ నల్లటి నీలం చూస్తే కళ్లు తిప్పుకోలేం. షాపువాడు శనివారం దాకా పక్కన పెడతానన్నాడు.

బావ: దేనికి?

రఘు: దేనికేంటి, వేటకి.

బావ: నాతో ఒలింపిక్ అడవుల్లో ఫోర్క్స్ ఊరి వైపు వస్తానన్నావు కదరా. అక్కడ ఏడాదికి వంద అంగుళాలు దాటి వాన పడుతుంది. హో లోయలో ఇంకా ఎక్కువ. అక్కడికి అది పనికిరాదు.

రఘు: అరవై ఏళ్లు చెక్కుచెదరని తుపాకి నా చేతికి రాగానే తుప్పు పడుతుందా?

బావ: ఆ అరవై ఏళ్లూ అది ఎక్కడుందో అడిగావా? ఎవరింట్లోనో బీరువాలో ఉండి ఉంటుంది. వానలో తిరిగినవాటికి తుప్పుతో గుంతలు పడి, బ్యారెళ్లు మార్పించుకుని, చివరికి తుక్కులోకి పోయాయి. షాపులో అద్దం వెనక నీకు కనపడేవి మిగిలి బయటపడ్డవి మాత్రమే. వాటిని చూసి బ్లూయింగ్ (ఆ నీలం తెప్పించే పని) గట్టిదని లెక్కేస్తే ఎలా?

రఘు: సరే, అది ఒప్పుకుంటా. కానీ వేటగాళ్లు తరాల తరబడి ఇదే అడవిలో బ్లూ తుపాకులతోనే తిరిగారు. ఫ్యాక్టరీ స్టెయిన్‌లెస్ రైఫిళ్లు మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది నిన్నగాక మొన్న.

బావ: తిరిగారు. రాత్రిళ్లు కూర్చుని తుడుచుకున్నారు కూడా. ముందు ఆ నీలం ఏంటో తెలుసుకో. అది రంగు కాదు, పైన వేసిన పూతా కాదు. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన నీళ్లని నూట నలభై డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో మరిగించి అందులో ఉక్కుని ముంచుతారు. పైపొర మాగ్నటైట్‌గా మారుతుంది. అంటే అదీ ఇనుము ఆక్సైడే, ఎర్ర తుప్పుకి నల్ల చుట్టం. వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. పైగా దానంతట అది నీటిని ఆపదు. దాని సన్నటి రంధ్రాల్లో నూనె నిలుస్తుంది, ఆ నూనె ఆపుతుంది. నూనె ఉన్నంతసేపే కాపలా. ఇప్పుడు ఆ అడవి సంగతి విను. అక్కడ నిన్ను తడిపేది ఆకాశం నుంచి పడే వాన ఒక్కటే కాదు. నడుము ఎత్తు సలాల్ పొదలు, ఫెర్నులు, ప్రతి ఆకు మీదా నీళ్లు. వాటి మధ్య నుంచి దూరుకుంటూ పోతుంటే తడి ఆకులు బ్యారెల్‌ని రోజంతా రుద్దుతూనే ఉంటాయి. తడి గ్లోవ్‌తో నువ్వు పట్టుకున్నచోట మధ్యాహ్నానికే నూనె ఉండదు. సాయంత్రానికి అక్కడ నారింజ రంగు మచ్చ కనపడుతుంది.

రఘు: పది నిమిషాలు నూనె గుడ్డతో తుడిస్తే పోయేదానికి ఇంత కథా? వాన లోపలికి పోకుండా మూతికి ఎలక్ట్రికల్ టేపు అంటిస్తాను. నువ్వే చెప్పావుగా అందరూ అలా చేస్తారని.

బావ: టేపు మూతిని కాపాడుతుంది. బోల్ట్ (తూటా ఎక్కించడానికి వెనక్కీ ముందుకీ లాగే కడ్డీ) వైపు నుంచి దిగే నీళ్లని ఎవరు ఆపుతారు? స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోకి చేరిన నీటిని నీ గుడ్డ ఎలా అందుకుంటుంది? అది తుడవాలంటే స్క్రూలు విప్పి స్టాక్ ఊడదీయాలి. టెంటులో, తలకి లైటు కట్టుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే, తెల్లారి నాలుగింటికి లేవాలని తెలిసీ ఆ పని చేస్తావా? మొదటి రాత్రి చేస్తావు. మూడో రాత్రి చేయవు. విప్పి బిగించిన ప్రతిసారీ గురి సరిచూసుకోవాలి కూడా.

(ఇక్కడ రఘు కాసేపు ఆగాడు. తర్వాత వేసిన దెబ్బ మాత్రం గట్టిది.)

రఘు: నీ రైఫిల్ మీద ‘స్టెయిన్‌లెస్’ అని రాసి ఉంది కదా, దాని ట్రిగ్గర్ ఏ లోహం? ఫైరింగ్ పిన్? స్ప్రింగులు? స్కోప్ బిగించిన స్క్రూలు? చాలా స్టెయిన్‌లెస్ రైఫిళ్లలో ఇవన్నీ మామూలు ఉక్కే. నిరుడు నీ స్కోప్ కింద స్క్రూ తుప్పు పట్టి తిరగకపోతే నేనే పట్టుకున్నాను, గుర్తుందా? ఇంకోటి. మన వంటింటి స్టీలు గిన్నెలో పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్. దానికి సాధారణంగా అయస్కాంతం అంటదు. నీ బ్యారెల్‌కి అంటుంది. ఎందుకంటే అది 416 అనే రకం స్టెయిన్‌లెస్, పన్నెండు, పదమూడు శాతం క్రోమియం, నికెల్ ఊసే ఉండదు. పైగా సులువుగా తొలిచేందుకు గంధకం కలుపుతారు. ఆ గంధకమే తుప్పుకి తలుపు తీస్తుంది. అంటే నువ్వు వందో రెండొందలో డాలర్లు ఎక్కువిచ్చి కొన్నది కాస్త ఆలస్యంగా తుప్పు పట్టే తుపాకి. పేరు చూసి ధీమా వచ్చి తుడవడం మానేశావు చూడు, అసలు ప్రమాదం అదే.

బావ: గిన్నె అంత స్టెయిన్‌లెస్ కాదు. నిజమే. స్క్రూ సంగతీ నిజమే.

రఘు: 2004లో సాకో, టిక్కా స్టెయిన్‌లెస్ రైఫిళ్ల బ్యారెళ్లు పగిలితే కంపెనీ వెనక్కి పిలిపించిన సంగతో?

బావ: అదీ జరిగింది. అంతమాత్రాన స్టెయిన్‌లెస్ జాతి మొత్తాన్ని అనుమానిస్తే మామూలు ఉక్కు బ్యారెళ్లు ఎన్నడూ పగల్లేదని చెప్పాలి. చెప్పగలవా?

రఘు: గడ్డకట్టే చలిలో సన్నటి స్టెయిన్‌లెస్ బ్యారెల్ పెళుసవుతుందని కొందరు బ్యారెల్ తయారీదార్లే హెచ్చరిస్తున్నారు.

బావ: ఎముకలు కొరికే ఉత్తరాది చలికి ఆ మాట. అక్టోబర్‌లో ఫోర్క్స్‌కి కాదు.

రఘు: అయితే నేను ఫోర్క్స్ రాను. కాస్కేడ్ కొండలు దాటి మెథావ్ లోయకి పోతాను, మ్యూల్ డీర్ అనే జింకల కోసం. అక్కడంతా ఎండిన గడ్డి. ఇంకా కిందికి యాకిమా వెళ్తే ఏడాదికి 8 అంగుళాల వాన. అక్కడ నా మోడల్ 70కి ఏమవుతుంది?

బావ: ఏమీ కాదు. అక్కడికైతే అదే కొను, నేనే డబ్బు సర్దుతా. కానీ ఆ లోయలో వేట నీకెవరు చూపిస్తారు? నేను పడమర మనిషిని.

రఘు: నేర్చుకుంటాను. ఇంటికొచ్చాక హాల్లో గోడకి తగిలిస్తాను. చూసినవాళ్లకి అదొక అందం.

బావ: గోడకా? ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లాడున్నాడు! మా చెల్లెలికి చెప్పావా ఈ మాట?

రఘు: బోల్ట్ తీసేసి తగిలిస్తాలే.

బావ: ఒరేయ్, 2018లో ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో జనం ఓటేసి చట్టం తెచ్చారు. తుపాకి చేరకూడని చేతికి చేరి ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది నువ్వే. చట్టం సంగతి వదిలెయ్, పిల్లాడున్న ఇంట్లో గోడ మాట ఎత్తకు.

రఘు: ఇప్పుడు పెంపకం పాఠాలు మొదలుపెట్టావా? మీ ఇంట్లో సేఫ్ తాళంచెవి ఫ్రిజ్ పైన ఉంటుంది, అది మీ పిల్లలకి తెలియదా?

బావ: అది... మార్చేశాను.

రఘు: ఎప్పుడు?

బావ: ఇవాళ మారుస్తాను. నువ్వు మాత్రం సేఫ్ కొను. కొని ఎక్కడ పెడతావు? గ్యారేజ్‌లో. మన గ్యారేజ్‌ల్లో నవంబర్ నుంచి మార్చి దాకా చెమ్మ. మళ్లీ తుప్పు దగ్గరికే వచ్చాం చూడు. చలిలో తిరిగిన తుపాకిని వెచ్చటి గదిలోకి తెస్తే గాలిలో తేమ దానిమీద నీళ్లై కూర్చుంటుంది, బయటా లోపలా. ఆ తడితోనే స్పాంజి పెట్టెలో పెట్టి మూత వేశావంటే ఇక చెప్పక్కర్లేదు. ఎండిన మెథావ్ నుంచి వచ్చినా ఇదే కథ.

రఘు: ఆ మాట స్టెయిన్‌లెస్‌కీ వర్తిస్తుంది.

బావ: వర్తిస్తుంది. తేడా ఎంతసేపు అన్నదే. బ్లూ తుపాకి ఒక్క రాత్రి మరిచిపోతే మచ్చ పడుతుంది. స్టెయిన్‌లెస్ వారం మరిచిపోయినా చాలాసార్లు ఊరుకుంటుంది. నేను కొనుక్కున్నది ఆ వారం రోజుల గడువు. మచ్చ బయట పడితే పోనీలే అనుకోవచ్చు. చాంబర్లో (తూటా కూర్చునే చోట) గుంతలు పడితే కాల్చిన తూటా ఖాళీ గొట్టం ఇరుక్కుని బోల్ట్ వెనక్కి రాదు. గాయపడ్డ జింక పొదల్లోకి పోతుంటే రెండో తూటా ఎక్కించలేక నిలబడి చూడాలి. 1960ల చివర్లో బ్రౌనింగ్ అనే తుపాకుల కంపెనీ వాళ్లు వాల్‌నట్ కర్రని ఉప్పుతో ఆరబెట్టారు. పైకి కళకళలాడే రైఫిళ్లు, స్టాక్ విప్పి చూస్తే కింద బ్యారెల్‌ని తుప్పు తినేసి ఉండేది.

రఘు: అది కర్ర తప్పు, బ్లూయింగ్ తప్పు కాదు. ఉప్పు తగిలితే స్టెయిన్‌లెస్‌కీ గుంతలు పడతాయి, కెమిస్ట్రీలో చదువుకున్నాం.

బావ: పడతాయి. అందుకే కర్ర స్టాక్ కూడా వద్దంటున్నాను. తడికి ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్క నొక్కితే గురి తప్పుతుంది. సింథటిక్ స్టాక్ అయితే ఆ గొడవ ఉండదు.

రఘు: అంటే నల్ల ప్లాస్టిక్, బూడిద రంగు గొట్టం. చేత్తో పట్టుకుంటే డ్రిల్ మెషీన్‌లా ఉంటుంది బావా. దాన్ని నా కొడుక్కి ఇస్తే తీసుకుంటాడా?

బావ: (కాసేపాగి) తీసుకోకపోవచ్చు. అందం పోటీలో నేను ఓడిపోయాను, రాసుకో.

రఘు: అయితే స్టెయిన్‌లెస్‌లో, లోపలి భాగాలు కూడా తుప్పుకి తట్టుకునేది చూపించు. స్టాక్ విప్పి, ట్రిగ్గర్ చూసి, స్క్రూలు చూసి మరీ కొంటాను. నీలాగా పేరు చూసి కాదు.

బావ: అలాగే కొనాలి. షాపువాడు విప్పనివ్వకపోతే ఇంకో షాపుకి పోదాం.

రఘు: మరి ఆ మోడల్ 70?

బావ: శనివారం దాకా టైముందన్నావుగా. ఒకసారి నన్నూ చూడనీ.